సముద్రం లేని జిల్లాలలో కవ్వ చేప

జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలకు సముద్రతీరం లేదు. మహబూబాబాద్ పట్టణం నుండి మచిలీపట్నం తీరానికి నేరుగా కొలిచినా దూరం సుమారు రెండు వందల కిలోమీటర్లు. అయినప్పటికీ ఈ జిల్లాలలో వారపు అంగడికి వెళ్లిన వారికి పట్టాలపై కుప్పలుగా పోసిన ఎండు చేపలు కనిపించక మానవు. వాటిలో సన్నని నెత్తళ్లు, పొడవైన సావళ్లు, జానెడుకు మించని కవ్వలు ముఖ్యమైనవి. ఇవి చెరువులో పెరిగినవి కావు. సముద్రపు ఒడ్డుకు చేరువగా గుంపులు కట్టి తిరిగి, వలకు చిక్కి, ఇసుకపైనో అరుగుపైనో ఎండి, గోనెలలో ఇంత దూరం వచ్చినవి. తాజా మాంసాన్ని వారానికొకసారైనా కొనలేని కూలి కుటుంబం కూడా పిడికెడు ఎండు చేపలను కొనగలదు. చింతచిగురుతోనో వంకాయతోనో కలిపి వండితే ఆ పిడికెడు ఇంటిల్లిపాదికీ ఒక పూట కూర అవుతుంది.

వ్యవసాయ విస్తరణ రంగం ఈ కుప్పను ఇంతవరకు తన పరిధిలోని వస్తువుగా పరిగణించలేదు. వ్యవసాయ విద్యార్థికి చేప అంటే చెరువులో వదిలే బొచ్చె, రవ్వ, బంగారు తీగ. మత్స్యశాస్త్ర విద్యార్థికి సముద్రపు చేప అంటే తీరప్రాంతపు విషయం. ఈ రెంటికీ నడుమ, మెట్ట జిల్లా గృహిణి సంచిలోని ఎండు కవ్వ ఎవరి పాఠ్యాంశమూ కాకుండా మిగిలిపోయింది. ఇది సరిదిద్దవలసిన లోపం. అందుకు మొదటి మెట్టు ఆ చేప నడతను తెలుసుకోవడం. దాని ధర, లభ్యత, నాణ్యత, అది మనిషి కంచానికి చేరుతుందా లేక కోళ్ల దాణాలోకి పోతుందా అన్న ప్రశ్న, ఇవన్నీ ఆ నడతతోనే ముడిపడి ఉన్నాయి.

కవ్వ అనే పేరు ఒక్క జాతికి చెందినది కాదు. సార్డినెల్లా ప్రజాతికి చెందిన పలు జాతులను తెలుగు మత్స్యకారులు కవ్వలు, కవళ్లు అని పిలుస్తారు. వాటిలో నూనె కవ్వగా పేరొందిన సార్డినెల్లా లాంగిసెప్స్ ప్రధానంగా పశ్చిమ తీరపు చేప. కేరళలో దానిని మత్తి అనీ, చాళ అనీ అంటారు. ఇటీవలి దశాబ్దాలలో తూర్పు తీరంలో కూడా అది చెప్పుకోదగినంతగా దొరుకుతున్నది. ఆంధ్ర తీరంలో దానితో పాటు నూనె తక్కువగా ఉండే చిన్న కవ్వలు అనేకం ఉన్నాయి. ఈ భేదం ఎండబెట్టే దశలో ఎంతో ముఖ్యమైనదని ముందు ముందు తెలుస్తుంది.

నూనె కవ్వ జీవితం చాలా చిన్నది. పుట్టిన ఏడాదిలోపే సుమారు పదిహేను సెంటీమీటర్ల పొడవుకు ఎదిగి గుడ్లు పెట్టే స్థితికి వస్తుంది. రెండు, రెండున్నర సంవత్సరాలకు మించి సాధారణంగా బ్రతకదు. పశ్చిమ తీరంలో నైరుతి రుతుపవనాల కాలంలో గుడ్లు పెడుతుంది. ఆ కాలపు గాలుల వల్ల సముద్రపు అడుగున ఉన్న చల్లని, పోషకాలు నిండిన నీరు ఒడ్డు వైపు పైకి ఉబికి వస్తుంది. ఆ నీటిలో వృక్షప్లవకాలు విపరీతంగా వృద్ధి చెందుతాయి. కవ్వ మొప్పలలో దువ్వెన పండ్ల వలె దట్టంగా అమరిన ముళ్లు ఉంటాయి. నోరు తెరచి ఈదుతూ నీటిని ఆ జల్లెడ గుండా పోనిచ్చి, అందులో చిక్కిన డయాటములను, సూక్ష్మ జంతుప్లవకాలను మింగుతుంది. పంటతో పోల్చి చెప్పాలంటే, సముద్రపు పచ్చికను నేరుగా మేసే పశువు ఇది. మేతకూ మాంసానికీ నడుమ మరొక వేటజీవి లేనందువల్లనే ఇది అంత విస్తారంగా ఉండగలుగుతుంది. వాన సకాలంలో పడి విత్తనం మొలిచినట్లే, రుతుపవనపు గాలి, అడుగు నీటి పొంగు, ప్లవకాల పెరుగుదల, పిల్ల చేపల ఆకలి ఒకే వేళకు కలిసినప్పుడు కవ్వ పంట పండుతుంది. వాటిలో ఏ ఒక్కటి వేళ తప్పినా ఆ ఏటి పిల్లలలో అధికభాగం నశిస్తాయి. రెండేళ్ల ఆయుష్షు గల చేపకు ఒక ఏడు తప్పితే ఆ లోటును భరించడానికి పెద్ద వయసు తరాలు నిల్వ ఉండవు.

దీని రెండవ లక్షణం గుంపు కట్టడం. కంటిచూపుతోనూ, పార్శ్వరేఖ వ్యవస్థ ద్వారా గ్రహించే నీటి కదలికలతోనూ ప్రతి చేపా తన పొరుగు చేపతో దూరాన్ని, దిశను సరిపోల్చుకుంటుంది. వేటచేప ఎదురైనప్పుడు వేలాది వెండి పొట్టలు ఒక్కసారిగా మెరిసి, ఏ ఒక్కదానిపైనా అది గురి నిలుపలేని స్థితి కలుగుతుంది. వేటచేప నుండి రక్షించే ఈ ఉపాయమే వల ముందు ప్రాణాంతకమవుతుంది. పెద్ద వలను గుంపు చుట్టూ తిప్పి లాగితే గుంపంతా ఒకేసారి చిక్కుతుంది.

ఇంతకంటె లోతైన చిక్కు మరొకటి ఉంది. సముద్రంలో కవ్వల సంఖ్య సగానికి పడిపోయినా మిగిలినవి పలుచగా విస్తరించవు. మునుపటి వలెనే దగ్గరగా చేరి దట్టమైన గుంపులే కడతాయి. గుంపుల సంఖ్య తగ్గుతుంది గాని, దొరికిన గుంపులోని సాంద్రత తగ్గదు. కనుక పడవకు చిక్కే చేప, రేవులో పడే కుప్ప, అంగడిలో పలికే ధర కొంతకాలం వరకు మామూలుగానే కనిపిస్తాయి. ప్రమాదం బయటపడేనాటికి నిల్వ అడుగంటి ఉంటుంది. వరి దిగుబడి క్రమంగా తగ్గితే రైతు గుర్తిస్తాడు. కవ్వ విషయంలో అటువంటి క్రమమైన హెచ్చరిక ఉండదు. మార్కెట్ ధరను చూసి సరఫరాను అంచనా వేయడం వ్యవసాయ ఆర్థికశాస్త్రంలో అలవాటైన పద్ధతి. గుంపు చేపల విషయంలో ఆ పద్ధతి దారి తప్పిస్తుంది.

కేరళ అనుభవమే ఇందుకు సాక్ష్యం. 2012లో ఆ రాష్ట్రంలో సుమారు 3.9 లక్షల టన్నుల నూనె కవ్వలు రేవులకు చేరాయి. 2021 నాటికి అది 3,300 టన్నుల ప్రాంతానికి పడిపోయింది. ఆపైన తిరిగి లక్ష టన్నులు దాటింది. ఒక దశాబ్దంలో వంద రెట్ల పతనం, వెంటనే పుంజుకోవడం ఏ నేల పంటలోనూ ఊహించలేనివి. సముద్రపు వేడిమిలో, గాలులలో వచ్చిన మార్పులతో పాటు ఎదగని చేపలను పట్టడం కూడా ఇందుకు కారణమని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు విశ్లేషించారు. పది సెంటీమీటర్ల లోపు నూనె కవ్వలను పట్టరాదని కేరళ ప్రభుత్వం 2015లో నియమం విధించింది.

ఈ చేపకూ వ్యవసాయానికీ గల సంబంధం కొత్తది కాదు. అయితే అది ఆహార సంబంధంగా మొదలు కాలేదు. మలబారు తీరంలో మిక్కిలిగా పడిన కవ్వలను కొబ్బరి తోటలకూ, కాఫీ, తేయాకు తోటలకూ ఎరువుగా వేసేవారు. 1907లో ఏర్పడిన మద్రాసు మత్స్యశాఖకు ఆద్యుడైన సర్ ఫ్రెడరిక్ నికల్సన్, చేపను కుళ్లబెట్టి నూనె తీసే పాత పద్ధతికి మారుగా తాజా చేపను ఉడికించి, పిండి, నూనెను వేరు చేసి, మిగిలిన పిప్పిని ఎండబెట్టి గ్వానో ఎరువుగా మార్చే విధానాన్ని తానూరులో ప్రయోగించి ప్రచారం చేశాడు. రైతుకు పరపతి సంఘాలు కావాలని 1890 దశకంలో నివేదిక సమర్పించి, 1904 నాటి సహకార పరపతి సంఘాల చట్టానికి బాట వేసినది కూడా ఇతడే. విస్తరణ విద్య చదివే వారు సహకార ఉద్యమ పాఠంలో ఇతని పేరును తప్పక చదువుతారు. అదే వ్యక్తి కవ్వను ఉడికించే బానల వద్ద కూడా నిలిచాడన్న సంగతి ఆ పాఠంలో ఉండదు. 1940 దశకంలో కవ్వలు అరుదైనప్పుడు మద్రాసు ప్రభుత్వం చిన్న కన్నుల వలలపైనా, చిన్న చేపలను పట్టడంపైనా ఆంక్షలు విధించవలసి వచ్చింది. నేటి చర్చకు అప్పటికే ఒక పూర్వరూపం ఉన్నదన్నమాట.

ఎరువు స్థానాన్ని ఆ తరువాత దాణా ఆక్రమించింది. కర్ణాటక తీరంలోని చేపపిండి, చేపనూనె కర్మాగారాలకు కవ్వ ముఖ్యమైన ముడిసరుకు. ఆ పిండి రొయ్యల మేతలోనూ, కొంత కోళ్ల దాణాలోనూ చేరుతుంది. ఒక కిలో చేపపిండికి నాలుగైదు కిలోల పచ్చి చేప అవసరం. దాణా పరిశ్రమను తప్పుపట్టడం ఇక్కడి ఉద్దేశం కాదు. తెలంగాణలో అంగన్‌వాడీ కేంద్రాలలో గర్భిణులకూ బాలింతలకూ 2015 నుండి ఆరోగ్యలక్ష్మి పథకం క్రింద ఇచ్చే గుడ్డు వెనుక కూడా కోళ్ల దాణా ఉన్నది. అయితే మనిషి నేరుగా తినదగిన చేపను పిండిగా మార్చి, దానిని మరొక జీవికి మేపి, ఆ జీవిని మనిషికి అమ్మినప్పుడు పోషకాలలో కొంత నష్టం, ధరలో అధిక పెరుగుదల తప్పవు. ఆ పెరిగిన ధరను మహానగర వినియోగదారుడు భరించగలడు గాని, తండాలోని కూలి కుటుంబం భరించలేదు. రేవులో పడిన కవ్వకు ఎండబెట్టేవారూ, పిండి కర్మాగారమూ పోటీ పడినప్పుడు ఓడిపోయేది అంగడిలోని చివరి కొనుగోలుదారు.

గుంపు చేపపై ఆధారపడిన దాణా వ్యవస్థ ఎంత దూరం వరకు కుదుపునకు గురి కాగలదో 1972లో పెరూ దేశం చూపింది. 1970లో కోటి టన్నులకు మించి పట్టిన ఆంకోవెటా చేప, మితిమీరిన వేట, ఎల్‌నినో కలిసి రావడంతో ఒక్కసారిగా కూలిపోయింది. ప్రపంచపు చేపపిండి సరఫరా తగ్గడంతో సోయాచిక్కుడుపై ఒత్తిడి పెరిగి, 1973లో అమెరికా కొంతకాలం సోయా ఎగుమతులనే నిలిపివేసింది. సముద్రంలోని జానెడు చేప, నేలపై సోయా రైతు ధరను నిర్ణయించిన సందర్భమది.

ఇక కంచం విషయం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదవ విడత (2019-21) ప్రకారం తెలంగాణలో 15 నుండి 49 సంవత్సరాల మహిళలలో 57.6 శాతం, ఆరు నెలలు మొదలు ఐదేళ్లలోపు పిల్లలలో 70 శాతం రక్తహీనతతో ఉన్నారు. ఐదేళ్లలోపు పిల్లలలో మూడింట ఒకవంతు వయసుకు తగిన ఎత్తు లేరు. ఎండిన చిన్న చేపలో నీరు పోయినందున బరువులో సగం, ఒక్కొక్కప్పుడు అంతకు మించి మాంసకృత్తులే ఉంటాయి. ముళ్లతో సహా నమలగలిగిన చేప అయినందువల్ల కాల్షియం సమృద్ధిగా లభిస్తుంది. మొక్కల ఆహారంలో దొరకని బి12 విటమిను దీనిలో ఉంది. అన్నిటికంటె ముఖ్యంగా, అన్నం, పప్పులలోని ఇనుమును శరీరం మరింతగా గ్రహించడానికి చేప మాంసం తోడ్పడుతుంది. శీతల గిడ్డంగి, విద్యుత్తు, ప్రత్యేక వాహనం ఏవీ అక్కరలేకుండా మహాదేవపూర్ అటవీ ప్రాంతపు గూడెం వరకు చేరగల జంతు మాంసకృత్తు ఇంతకు మించి మరొకటి లేదు. ఒడిశాలో గిరిజనులు అధికంగా ఉన్న మయూర్‌భంజ్ జిల్లాలో కొన్ని అంగన్‌వాడీ కేంద్రాల ద్వారా ఎండు చిన్న చేపలను, వాటి పొడిని వరల్డ్‌ఫిష్ సంస్థ సహకారంతో పిల్లలకు, తల్లులకు అందించే ప్రయత్నం ఇటీవల జరిగింది. మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలకు ఆ నమూనా పరిశీలించదగినది.

అయితే అంగడిలో ఉన్న ఎండు చేపను ఉన్నదున్నట్లుగా తినుమని చెప్పడం విస్తరణ కార్యకర్తకు తగదు. ఇక్కడ పైన సూచించిన జాతిభేదం ప్రాధాన్యం వహిస్తుంది. నూనె కవ్వలోని కొవ్వు ఎండలో గాలి తగిలి త్వరగా చెడి, పసుపు రంగుకు తిరిగి, చేదు వాసన పడుతుంది. నూనె తక్కువగా ఉండే చిన్న కవ్వలు, నెత్తళ్లు చక్కగా ఎండి ఎక్కువకాలం నిలుస్తాయి. ఎండబెట్టడానికి ముందే చేప ఆలస్యం వల్ల పాడైతే హిస్టమిన్ ఏర్పడి ఒళ్లు ఎర్రబడటం, దద్దుర్లు, తలనొప్పి కలుగుతాయి. వండినంత మాత్రాన అది నశించదు. సరిగా ఎండని చేపకు బూజు, ఉప్పు పట్టించిన చేపకు ఎర్రమచ్చలు వస్తాయి. ఎండు చేపను తినే పెంకు పురుగు డెర్మెస్టిస్, కీటకశాస్త్ర విద్యార్థి గిడ్డంగి పురుగుల పాఠంలో చదివే ఖాప్రా పురుగు కుటుంబానికే చెందినది. దానిని ఆపడానికి ఎండు చేపలపై పురుగుమందు చల్లే దురలవాటు దక్షిణాసియాలో పలుచోట్ల నమోదైంది. ఇసుకపై కాక ఎత్తైన వలతట్టలపై ఆరబెట్టడం, సౌర ఆరబెట్టు యంత్రాల వాడకం వంటి మెలకువలను కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ ఏనాడో రూపొందించింది. వాటి ఫలితం తీరంలో ఆగిపోక కొనుగోలుదారు వరకు రావాలంటే, కొనుగోలుదారుకు మంచి సరుకును గుర్తించే నేర్పు ఉండాలి. పొట్ట పగలకుండా ఉన్న, విరిస్తే ఫటుక్కున విరిగే, పసుపు తిరగని చేపను ఎంచుకొని, గోరువెచ్చని నీటిలో నానబెట్టి, ఉప్పు నీటిని పారబోసి వండాలని చెప్పడానికి గృహవిజ్ఞాన నిపుణులకు ఒక్క శిక్షణ తరగతి చాలు. రక్తపోటు ఉన్నవారికి ఉప్పు పట్టించని రకాన్నే సూచించవలసి ఉంటుంది. వారి విషయంలో ఉప్పు అభ్యంతరం న్యాయమైనదే. దానిని సాకుగా చేసుకొని మొత్తం ఆహారాన్నే పక్కన పెట్టడం మాత్రం న్యాయం కాదు.

కవ్వ నడతలోని అనిశ్చితిని అంగీకరించినప్పుడు చూపు సహజంగా చెరువు వైపు మళ్లుతుంది. గణపతిదేవుని కాలపు గణపసముద్రం భూపాలపల్లి జిల్లాలోని ఘన్‌పూర్‌లో నేటికీ నిండుతున్నది. బయ్యారం చెరువు మహబూబాబాద్ జిల్లాలో ఉన్నది. జనగామలో చిన్న కుంటలకు కొదువ లేదు. ఈ చెరువులలో 2016-17 నుండి ప్రభుత్వం ఉచితంగా చేప పిల్లలను వదులుతున్నది. ఆ పిల్లలు ప్రధానంగా పెద్దజాతి కార్పులు. అవి కిలో బరువుకు పెరిగి సంఘాలకు ఆదాయం తెస్తాయి. ఇది మంచిదే. కాని కిలో చేప అమ్మకానికి పోతుంది. ఇంటికి మిగిలేది పరకలు, జెల్లల వంటి చిన్న చేపలే. విస్తరణ పుస్తకాలు ఈ చిన్న చేపలను కలుపు చేపలు అని పేర్కొని, పిల్లలను వదలడానికి ముందు ఇప్పపిండి చల్లి వాటిని నిర్మూలించమని నేర్పాయి. కొర్రమట్ట వంటి వేటచేపను తొలగించడానికి కారణముంది. ప్లవకాలు మేసి, ముళ్లతో సహా తినదగినంత చిన్నగా ఉండి, చెరువులో తనంతట తానే పిల్లలు పెట్టే చేపను వరిలోని ఊద గడ్డితో సమానంగా చూడటానికి పోషణ దృష్టిలో ఏ ఆధారమూ లేదు. బంగ్లాదేశ్‌లో మోలా అనే చిన్న చేపలో ఎ విటమిను అధికమని తేలిన తరువాత దానిని కార్పులతో కలిపి పెంచడం ప్రోత్సహించారు. కలుపు చేప అన్న మాటను కనీసం ఈ జిల్లాల శిక్షణ పత్రాల నుండి తొలగించడం తక్షణం చేయదగిన పని. దానికి నిధులు కూడా అవసరం లేదు.

పైగా ఈ రెండు చేపలూ కాలక్రమంలో ఒకదానికొకటి పూరకాలు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు యంత్ర పడవల వేట నిషేధం. సరిగ్గా ఆ ఎండాకాలంలోనే చెరువులలో నీరు తగ్గి చేపలు పడతారు. జూలైలో చెరువులు నిండడం మొదలై చేప దొరకని రోజులలో, నాట్లకు వెళ్లే ఇళ్లలో ఎండు చేపే కూరకు ఆదరువు. రైతు పంటల క్యాలెండరును గోడకు అంటించే కృషి విజ్ఞాన కేంద్రాలు, ఏరువాక కేంద్రాలు ఈ చేపల క్యాలెండరును కూడా దాని పక్కన చేర్చవచ్చు. మల్యాల కృషి విజ్ఞాన కేంద్రం వంటి చోట పెరటి తోట, పెరటి కోడి, చిన్న చేప ఒకే పోషణ ప్రదర్శనలో భాగం కావడం కష్టమేమీ కాదు.

సమాచార లోపమే అతి పెద్ద అడ్డంకి. మిరప, పత్తి ధరలు ప్రతిదినం నమోదవుతాయి. వారపు అంగడిలో ఎండు కవ్వ ధరను రాసి ఉంచే రిజిస్టరు ఎక్కడా లేదు. గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమం క్రింద నాలుగవ సంవత్సరం విద్యార్థులు ఖరీఫ్‌లో గ్రామాలలో నివసిస్తారు. వారి దినచర్య పుస్తకంలో ఎరువుల ధరకు, కూలి రేటుకు గడులు ఉన్నాయి. మరొక గడి చేర్చితే చాలు: ఈ వారం అంగడిలో ఏ ఎండు చేప వచ్చింది, ఏ తీరం నుండి వచ్చింది, కిలో ఎంత, పిడికెడు ఎంత, కొన్నవారు ఎవరు. కిలో ధర, పిడికెడు ధర వేరువేరుగా రాయడం అవసరం. పేద కుటుంబం కొనేది పిడికెడే గనుక, ధర పెరిగినప్పుడు అమ్మకందారు రేటు మార్చక పిడికిలినే బిగించవచ్చు. మూడు జిల్లాలలో ఐదేళ్లపాటు రాసిన అటువంటి పుస్తకాలను రేవులలోని కవ్వల లెక్కలతో పక్కపక్కన పెట్టి చూస్తే, సముద్రంలో గుంపు చెదిరిన ఏడు జనగామ అంగడిలో పిడికిలి ఎంత బిగిసిందో తెలుస్తుంది.